మిరపకోతల్లో శనివారం

కూతురు: బాబాయ్, చుట్టూ తిప్పకుండా అడుగుతున్నా. జనవరి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా మిరపకోతలు. ఆ నాలుగు నెలల్లో పదిహేడు శనివారాలు వస్తాయి. పదిహేడు రోజుల కూలి ఎవరిస్తారు?

బాబాయి: ఎవరూ ఇవ్వరమ్మా. ఇస్తారని నేనెప్పుడూ అనలేదు. మన యూదుల శనివారం విశ్రాంతి, షబ్బాత్ అంటే పోగొట్టుకోవడమే. దున్నే రోజుల్లోనూ కోత రోజుల్లోనూ కూడా ఏడో రోజు ఆగాలని నిర్గమకాండం 34వ అధ్యాయంలో విడిగా చెప్పాడు చూడు. మే నెలలో పని లేనప్పుడు ఎటూ అందరం ఇంట్లోనే ఉంటాం. దానికి దేవుడు దిగొచ్చి చెప్పాల్సిన పనేముంది? చేతినిండా పని ఉన్నప్పుడే ఆగమన్నాడు.

కూతురు: ఆ మాట ఎవరితో అన్నాడు? పొలం ఉన్నవాడితో. కొడుకునీ కూతుర్నీ దాసుణ్ణీ దాసినీ, ఎద్దునీ గాడిదనీ కూడా ఆ రోజు పని చేయించొద్దని చెప్పింది ఆసామికి. ఆ వరసలో నేనెక్కడున్నా బాబాయ్? ఎద్దు పక్కన. ఎద్దుని ఆపాల్సింది ఎద్దు కాదుగా, పగ్గం పట్టుకున్నవాడు. చేబ్రోలు చుట్టుపక్కల ఏ రైతు మనకోసం శనివారం కోత ఆపాడు? ఆజ్ఞ ఆసామికి, నష్టం కూలికి. ఇదెక్కడి లెక్క?

బాబాయి: నువ్వన్నదాంట్లో నిజముంది. కాదనను. కానీ పది ఆజ్ఞలు రెండుచోట్ల ఉన్నాయి. మొదటిచోట, ఆరు రోజుల్లో సృష్టి చేసి ఏడో రోజు ఆగాడు కాబట్టి ఆగమన్నాడు. ద్వితీయోపదేశకాండంలో కారణం మారింది. ఐగుప్తులో మీరు బానిసలుగా ఉన్నారు, అది గుర్తుపెట్టుకుని ఆగండి అన్నాడు. అది ఆసామికి చెప్పే మాటలా ఉందా నీకు? నిన్నటిదాకా ఇటుకలు చేసినవాళ్లకి చెప్పాడు. మీ తాత పాలేరు. ఉగాది నుంచి ఉగాది దాకా ఒప్పందం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారే, ఆ రోజు కూడా ఆసామి గొడ్లకి కుడితి పెట్టింది మీ తాతే. ఆయనకి పెళ్లాం ఉంది, పిల్లలున్నారు, గుడిసె ఉంది, అన్నీ ఉన్నాయి. తనదని చెప్పుకోవడానికి ఒక్క రోజు లేదు. నాకిప్పుడు వారానికొకటి ఉంది. అది వదులుకోమంటే ఎట్లా?

కూతురు: వదులుకోమనలా. కొనుక్కోవాల్సి వచ్చిద్ది అంటున్నా. తాతకి ఆ రోజు లేదు. నాకు ఉంది గానీ దాని ధర ఒక రోజు కూలి. నాగా పెడితే మేస్త్రీ ఒకసారి ఊరుకుంటాడు, రెండోసారి సణుగుతాడు, మూడోసారి నా సాలులో ఇంకొకళ్లని దించుతాడు. పండిన కాయ చెట్టు మీద ఎక్కువ రోజులుంటే రంగు పోయిద్ది, రైతు కంగారు రైతుది. కర్నూలు వైపు నుంచి లారీల్లో కుటుంబాలకి కుటుంబాలే దిగుతున్నాయి, చేల గట్ల మీదే డేరాలు వేసుకుంటున్నారు. వాళ్లకి శనివారం లేదు, ఆదివారం లేదు. నేనాగితే కోత ఆగదు బాబాయ్, నేనే ఆగిపోతా.

బాబాయి: ఆదివారం మాట నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతా. మన ఊరి ముఠాల్లో సగం మంది ఆదివారం పనికి రారు. ఎందుకు రాలేదని ఏ ఆసామి అయినా అడుగుతాడా?

కూతురు: అడగడు. చర్చికి పోతారని అందరికీ తెలుసు.

బాబాయి: అదెట్లా వచ్చింది? ఊరికే రాలేదు. ఒంగోల్లో మిషనరీ జాన్ క్లౌ దొర దగ్గరికి పోయిన మాదిగోళ్లకి ఆయన పెట్టిన షరతులు మూడు. విగ్రహాలకి మొక్కొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, ఆదివారం పని చెయ్యొద్దు. మొదటి రెండూ పల్లె లోపలి సంగతులు, ఊరి పెద్దలకి పెద్దగా పట్టవు. మూడోది అట్లా కాదు. వెట్టికి పిలిస్తే మాదిగోడు రానన్నాడు. కరణానికీ మునసబుకీ కడుపు ఎక్కువ మండింది ఆ మూడోదానికే. బావి దగ్గరికి రానివ్వకపోవడం, పని మాన్పించడం, కొట్టడం, అన్నీ అయినాయి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ధాత కరువు అప్పుడే వదిలిపెట్టింది. కడుపుకి లేని జనం, అయినా ఏడింట ఒక రోజు మాదన్నారు. యర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు పల్లెపల్లె తిరిగి చెప్పారు. వాళ్లు నూటయాభై ఏళ్ల కిందట కూలి పోగొట్టుకుంటేనే ఇవాళ ఆదివారం ఎవరూ అడగట్లా. మన శనివారానికి కూడా అట్లాంటి రోజు వచ్చిద్ది.

కూతురు: నువ్వు చెప్పింది వింటే ఒళ్లు పులకరిస్తది బాబాయ్, అబద్ధమాడను. కానీ వాళ్లు వేలమంది. మనం కొన్ని పదుల కుటుంబాలు. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో, ఒంగోలు వైపు, బందర్లో అక్కడో ఇల్లు ఇక్కడో ఇల్లు. వాళ్ల వెనక దొర ఉన్నాడు, అవసరమైతే కలెక్టరు దాకా పోయి మాట్లాడగల దొర. పైగా ఇంకో చిక్కుంది. ఆదివారం సగం ముఠా రాదు గాబట్టి మిగతా సగానికి ఆటో కట్టరు. అంటే నేను శనివారం ఆగితే పోయేది ఒక రోజు కాదు, రెండు. వాళ్లు సాధించుకున్న ఆదివారం కూడా నామీదే పడింది!

బాబాయి: ఇది నేను ఆలోచించలేదు.

కూతురు: నువ్వు చేలోకి వచ్చి ఎన్నాళ్లయింది?

బాబాయి: మోకాళ్లు పోయినాక రాలేదు. సరే, ఒప్పుకున్నా. కానీ తక్కువమంది అన్నావే, కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ వాళ్లు ఎంతమంది? ఊరికి నాలుగిళ్లు. గానుగ ఆడించి నూనె తీయడం వాళ్ల వృత్తి. శనివారం గానుగ ఆపేవాళ్లు. చుట్టుపక్కల జనం వాళ్లకి పెట్టిన పేరే శనివార్ తేలీ, అంటే శనివారం పని చెయ్యని తెలికలోళ్లు. ప్రార్థనలు చాలా మరిచిపోయినారు, హీబ్రూ మరిచిపోయినారు, శనివారం మాత్రం మరవలేదు. వందల ఏళ్ల తర్వాత బయటివాళ్లు వచ్చి వీళ్లు యూదులే అని గుర్తుపట్టిన ఆనవాళ్లలో అదొకటి. పుస్తకం లేనిచోట రోజే పుస్తకమైంది.

కూతురు: గానుగ ఎవరిది?

బాబాయి: వాళ్లదే.

కూతురు: అదీ సంగతి. గానుగ వాళ్లది, ఎద్దు వాళ్లది. శనివారం ఆపితే నూనె ఆదివారం తీస్తారు. నా దగ్గర గానుగ లేదు బాబాయ్, నా రెండు చేతులే. అవి ఆ రోజు ఆగితే ఆ రోజు కూలి ఇంకో రోజు దొరకదు. నువ్వు ఎవర్ని చూపించినా చివరికి వాళ్ల కింద ఏదో ఒకటి వాళ్ల సొంతముండిద్ది.

బాబాయి: అయితే సొంతం లేనివాళ్ల సంగతే చెప్తా. బొంబాయి మిల్లు కూలీలకి ఏముంది సొంతం? నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి అడిగి అడిగి 1890లో వారానికో రోజు సెలవు సాధించాడు. అమెరికాలో 1908లో న్యూ ఇంగ్లండ్‌లో ఒక నూలు మిల్లు, యూదు కార్మికులు శనివారం రామంటే, వాళ్లకోసం శని ఆదివారాలు రెండూ మూసింది. వారానికి ఐదు రోజుల పని అక్కడ మొదలైంది అట్లానే అంటారు. నూలు మిల్లమ్మా! మన దగ్గర పండేది కూడా పత్తేగా.

కూతురు: పత్తే. మిల్లులో పనోడికి పేరుంది, పట్టీలో నంబరుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం వాడికి వారానికో రోజు ఇచ్చింది. ఆ చట్టం మిల్లు గోడ దాటి పత్తి చేలోకి రాలేదు. కాయ కొన్న వ్యాపారికి సెలవుంది, గుంటూరు మిర్చి యార్డుకి శని ఆదివారాలు రెండూ సెలవే. టిక్కీలు కుట్టినవాళ్లకీ తూకం వేసినవాళ్లకీ విశ్రాంతి. యార్డుకి సెలవిస్తే చెట్టుకి సెలవు ఉండిద్దా? కాయ పండుతూనే ఉండిద్ది. న్యూయార్కు సంగతి కూడా చెప్పు మరి. నువ్వే మాకు చదివి వినిపించావు. వందేళ్ల కిందట అక్కడి బట్టల కార్ఖానాల్లో శనివారం రానివాడికి సోమవారం పని ఉండేది కాదట. తెల్లారకముందే ప్రార్థన చేసుకుని మిషన్ల ముందు కూర్చున్నోళ్లు ఎంతమంది! వాళ్లు యూదులు కాకుండా పోయినారా?

బాబాయి: పోలేదు. వాళ్లు పోలేదు. వాళ్ల మనవలు చాలామంది శనివారాన్ని వదిలేశారు. తాత ఏడుస్తూ మిషను తొక్కాడు, మనవడు ఏడవకుండా తొక్కాడు. నాకున్న భయం అది. నువ్వు ఇవాళ ఇబ్బందిపడుతూ పోతావు. నీ కొడుకు ఇబ్బందిపడడు.

కూతురు: వాడికి ఇప్పుడే శనివారం బడి. పరీక్ష పెడితే రాయొద్దంటావా? రాయడం కూడా షబ్బాత్ నాడు చెయ్యకూడని ఆ ముప్ఫైతొమ్మిది పనుల్లో ఉందిగా.

బాబాయి: ఉంది. రెండక్షరాలు రాసినా లెక్కే. (నవ్వు) ఆ వరస నీకు గుర్తుందా? విత్తడం, దున్నడం, కోయడం, కట్టలు కట్టడం, నూర్చడం, తూర్పారబట్టడం, ఏరడం... మిష్నాలో, అదే పాత రబ్బీల ధర్మగ్రంథంలో, ఆ వరస చదువుతుంటే మన ఊరి చేలో నడుస్తున్నట్టు ఉండిద్ది. మొదటి పదకొండూ విత్తనం నుంచి రొట్టె దాకా. వింతేంటంటే విత్తడం ముందు రాసి దున్నడం తర్వాత రాశారు. అక్కడి నేల గట్టిది, విత్తి మళ్లీ దున్నాలట. మన రేగడిలో అట్లా చేస్తే నవ్వుతారు.

కూతురు: ఏరడం కూడా ఉందన్నావు. కల్లంలో కూర్చుని తాలు కాయ వేరు చెయ్యడం అదేగా? కోసినా తప్పు, పోగేసినా తప్పు, ఏరినా తప్పు. ఆ ముప్ఫైతొమ్మిదిలో సగం నా బతుకే బాబాయ్. వడ్డీకి తిప్పడం అందులో లేదు, కుర్చీలో కూర్చుని పురమాయించడం లేదు. సంఖ్యాకాండంలో ఒకణ్ణి శనివారం కట్టెలు ఏరాడని రాళ్లేసి చంపారు. ఆ కథ చదివినప్పుడల్లా నాకొకటే అనుమానం. కట్టెలు ఏరుకునేది ఎవడు? ఇంట్లో కట్టెల్లేనివాడు.

బాబాయి: ఆ కథ నన్నూ నిద్రపోనివ్వదు. సమర్థించమంటే సమర్థించలేను. తర్వాతి రబ్బీలు ఆ శిక్ష పడకుండా ఉండడానికి ఎన్ని సాక్ష్యాలు, ఎన్ని హెచ్చరికలు కావాలో రాసి, అది దాదాపు కుదరని పని చేశారు. వాళ్లకీ నచ్చలేదనే నేననుకుంటా.

కూతురు: వాళ్లలో పేదోడు ఒకడున్నాడుగా, రబ్బీ అకీవా. పశువులు కాసినోడు. మనుషుల ముందు చెయ్యి చాచడం కన్నా నీ షబ్బాత్‌ని మామూలు రోజులా గడుపుకో అన్నాడని నువ్వే చెప్పావు. నేను అదే చేస్తున్నా. గ్రూపు వాయిదా కట్టలేక ఎవరి గుమ్మం ముందో నిలబడడం కన్నా చేలోకి పోవడం మేలు.

బాబాయి: ఆగమ్మా, అది అకీవా మాటని వంచడమే అయిద్ది. ఆయన చెప్పింది తిండి గురించి. శనివారానికని అప్పు చేసి మాంసం, ద్రాక్షరసం పెట్టుకోమాకు, రోజూ తినేదే తిను అని. పని చెయ్యమని కాదు.

కూతురు: సరే, తిండి గురించే. అయితే తిండి దగ్గరికే వద్దాం. శుక్రవారం చెప్తా విను. పొద్దు కుంకకముందే వంట అయిపోవాలి, దీపం పెట్టాలి, దాని తర్వాత పొయ్యి ముట్టించకూడదు. జనవరిలో ఆరు కాకముందే పొద్దు కుంకిద్ది. చేలో నుంచి ఆటో కదిలేసరికే ఐదు. ఒళ్లంతా మిరప ఘాటు, చేతులు మంట. కడుక్కోకుండా కళ్లు తుడుచుకున్నావా, చచ్చావే. ఇంటికొచ్చి అరగంటలో రెండు రోజుల వంట, ఇల్లు ఊడవడం, పిల్లలకి స్నానాలు. శనివారం రాత్రి మూడు నక్షత్రాలు కనపడగానే రెండు రోజుల అంట్లు. ఇంట్లో మొగోళ్లకి షబ్బాత్ ఇరవైఐదు గంటలు. నాకు దానికి ముందు శుక్రవారం, తర్వాత శనివారం రాత్రి, రెండు వైపులా బరువే. నీ విశ్రాంతి నా శుక్రవారం మీద నిలబడి ఉంది.

బాబాయి: ...ఆ మాట మీ పిన్ని బతికుంటే అనేది.

కూతురు: అనేది కాదు, అనింది. నువ్వు మందిరంలో ఉన్నావు.

బాబాయి: సరే. ఇక నుంచి శుక్రవారం పచ్చడి నేను నూరతా. నిజంగానే. కానీ ఒకటి చెప్పనా, మన ఇళ్లకి ఈ ఆజ్ఞ తేలిక. చలిదేశాల వాళ్లు రాత్రంతా సన్నసెగ మీద కుండ పెట్టి ఏవేవో తంటాలు పడ్డారు, శనివారం వేడిగా తినాలని. మనకి చద్దన్నం ఉంది. శుక్రవారం వండి నీళ్లు పోసి పెడితే పొద్దున మజ్జిగ, ఉల్లిపాయ, గోంగూర పచ్చడి. పొయ్యితో పనిలేదు. దీవెనకి ద్రాక్షరసం దొరక్కపోతే బొంబాయి బెనె ఇజ్రాయెల్ వాళ్లలా ఎండుద్రాక్ష నానేసి పిండుకుంటే చాలు. రొట్టె ఒక్కటే ఇబ్బంది. దీవెన చెప్పడానికి గోధుమ, బార్లీ లాంటి ఐదు ధాన్యాల్లో ఒకటి ఉండాలి, జొన్నరొట్టె పనికిరాదు. రెండు చపాతీలు చేసుకుంటే అయిపోయే. ఎడారిలో శుక్రవారం రెండు రోజుల మన్నా పడింది, దాని గుర్తుకి రెండు.

కూతురు: మన్నా రెండింతలు పడింది గనకే వాళ్లు శనివారం ఏరుకోలేదు బాబాయ్. నాకు శుక్రవారం రెండు కూళ్లు ఇప్పించు, నేనూ ఏరను.

బాబాయి: (చాలాసేపటికి) నువ్వు మందిరంలో నా చోట కూర్చుని ఉంటే బాగుండేది.

కూతురు: నవ్వించమాకు. ఇంకొకటి అడగాలి, కోపం తెచ్చుకోవుగా? ఇదంతా ఎవరికోసం చేస్తున్నాం? యూదుల్లా బతకడం నేర్చుకోవడం మొదలుపెట్టి నలభై ఏళ్లు దాటింది. డర్హామ్ యూనివర్సిటీ నుంచి యూలియా యెగోరోవా, ఆమెతో షాహిద్ పర్వేజ్ వచ్చి మన గురించి రాసిన పుస్తకం 2013లో అచ్చయింది. మణిపూర్, మిజోరం వైపు బెనె మెనాషే వాళ్లని 2005లో ఇజ్రాయెల్ సెఫార్దీ ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ ఇజ్రాయెల్ సంతతేనని ఒప్పుకున్నాడు, వేలమంది అక్కడికి వెళ్లారు. మనల్ని అట్లా ఎవరూ ఒప్పుకోలేదు. రేపు ఎవరో పెద్ద రబ్బీ వచ్చి శనివారం చేలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంటాడేమో, అందుకని ఇళ్లల్లో కూర్చుంటున్నామా?

బాబాయి: కొంతమందిలో ఆ ఆశ ఉంది. నాలో లేదని చెప్పలేను. మొదట్లో ఉండేది. ఇప్పుడు వయసైంది, ఎక్కడికి పోతా? అయినా శుక్రవారం పొద్దు కుంకుతుంటే లోపల ఏదో దిగుద్ది. ఊళ్లో మిగతా ఇళ్లల్లోనూ శుక్రవారం సందెకాడ దీపం పెడతారు లక్ష్మీదేవికని. మరుసటి రోజు ఏడుకొండలవాడి వారం, వాళ్లు ఉపవాసం, మనం విందు. నా దీపం ఆ దీపాల్లో ఒకటిగా కనపడిద్ది బయటివాళ్లకి. నాకు మాత్రం అది వేరే. ఆ ఇరవైఐదు గంటలు నన్ను ఎవడూ ఒరేయ్ అని పిలవలేడు. పిలిచినా నేను పలకను. దీనికి రబ్బీ సంతకం అక్కర్లేదు.

కూతురు: ఒరేయ్ అనకుండా ఉండడానికి ఎంత ఖర్చయిందో కారంచేడు తెలిసిన మనకి చెప్పాలా? 1985 జూలై 17. మాదిగోళ్లని ఆరుగుర్ని చంపారు. ఆ తర్వాత ఎవరూ మనల్ని చేలోకి రావద్దనలేదు, రమ్మనే అన్నారు. పని కావాలిగా. కులం విషయంలో గెలిచినా ఓడినా సోమవారం పొద్దున సాలులోనే నిలబడతాం. నీకు గౌరవం శనివారం దొరికిద్ది. నాకు శనివారం కూలి తీసుకుని నా డబ్బుతో పిల్లకి ఫీజు కట్టినప్పుడు దొరికిద్ది. రెండూ గౌరవమే బాబాయ్. నాది తక్కువని అనమాకు.

బాబాయి: అనను.

కూతురు: మరి పోయిన ఏడు కల్లంలో సంగతి చెప్పు.

బాబాయి: ఏ సంగతి?

కూతురు: తెలియనట్టు అడగమాకు. మార్చిలో శనివారం మధ్యాహ్నం వాన. పక్క కల్లంలో కౌలు రైతు ఒక్కడే, నాలుగెకరాల కాయ ఆరబోసి ఉంది. మందిరం అరుగు మీద కూర్చున్నవాడివి లేచి, కుంటుకుంటూ పోయి, పట్టాలు లాగింది ఎవరు? కాయ కుప్ప చేసింది ఎవరు? గంటసేపు. రాళ్లు కూడా మోశావు పట్టాల మీద పెట్టడానికి.

బాబాయి: ప్రాణం కాపాడడానికి షబ్బాత్‌ని పక్కన పెట్టొచ్చు. పెట్టాలి కూడా.

కూతురు: మిరపకాయల ప్రాణమా?

బాబాయి: నువ్వప్పటికి పుట్టలేదు. 87, 88లో పత్తికి తెల్లదోమ పడింది. మన జిల్లాలోనూ ప్రకాశంలోనూ చేలు చేలే తుడిచిపెట్టుకుపోయినాయి. చేలకి కొట్టాల్సిన మందు రైతులు తాగారు. మా నాయన పాలేరుగా ఉన్నింటి కుర్రాణ్ణి మంచం మీద వేసుకుని గుంటూరు పెద్దాసుపత్రికి మోసినవాళ్లలో నేనొకణ్ణి. దారిలోనే పోయాడు. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. పోయిన ఏడు ఆ కౌలు రైతు మొహం చూశాను. కాయ తడిస్తే బూజు, బూజు పడితే కొనేవాడు లేడు, కౌలు ముందే కట్టేశాడు, అప్పు నూటికి మూడు వడ్డీ. అది మిరపకాయ కాదమ్మా ఆ రోజు.

కూతురు: నువ్వు చేసింది తప్పని నేననట్లా. నేనైనా అదే చేసేదాన్ని. ఆయన అప్పుని ప్రాణాపాయం కింద లెక్కేశావు. నాది వెయ్యలేదు, అంతే.

బాబాయి: ఆయన పంట ఆ గంటలో పోయేది. నీ కూలి సోమవారం మళ్లీ దొరికిద్ది.

కూతురు: సోమవారం దొరికేది సోమవారం కూలి.

బాబాయి: ...

కూతురు: చూడు, నేను రేపటి నుంచి శనివారాలన్నీ పోతానని చెప్పట్లా. పత్తి తీతల్లో కిలోల లెక్క, అప్పుడు ఒక రోజు ఆగి మిగతా రోజుల్లో రెండు కిలోలు ఎక్కువ తీసి పూడ్చుకోవచ్చు. ఆగుతున్నా కూడా. మిరపలో రోజు కూలి, అది పూడదు.

బాబాయి: ఆ తేడా దేవుడికి చెప్పాలి.

కూతురు: నీకు చెబుతున్నా. నువ్వు చెప్పు ఆయనకి, నీకు దగ్గర.

బాబాయి: ఈ శుక్రవారం ఎన్నింటికి వస్తావు?

కూతురు: ఐదున్నర అయిద్ది. దీపం నువ్వు పెట్టి ఉంచు.

బాబాయి: ఇంటి ఆడవాళ్లు పెట్టాలిగా.

కూతురు: ఆడవాళ్లు ఆటోలో ఉంటే?

బాబాయి: పెడతాలే. మొగోడు పెట్టినా చెల్లుద్ది. పచ్చడి కూడా నూరి ఉంచుతా అన్నాగా. మరి శనివారం?

కూతురు: ఆటో ఆరింటికి వచ్చిద్ది.

బాబాయి: మన వీధిలోకి రానివ్వమాకు. హారన్ కొడతాడు.

కూతురు: రోడ్డు దాకా నడిచి పోతా.